ఆడించాలా, ఆగాలా? కొత్త క్వార్టర్‌బ్యాక్ మీద ఒక వాదన

పిల్లలూ, ఈ పాఠం ఒక పార్కింగ్ స్థలంలో మొదలైంది.

2024 సెప్టెంబరులో ఒక ఆదివారం. మేము అమెరికాలోని షార్లెట్ ఊరికి వచ్చి అప్పటికి నాలుగు నెలలే అయింది. నేను తెలుగు బడికి నడిచి వస్తుంటే, పిల్లల్ని దింపడానికి వచ్చిన ఇద్దరు నాన్నగార్లు కారు పక్కన నిలబడి గట్టిగా మాట్లాడుకుంటున్నారు.

"ఆ అబ్బాయిని మొదటి ఏడాది అస్సలు దించకుండా ఉండాల్సిందండీ. పాపం, పాడు చేసేశారు."

"అలా అంటే ఎలాగండీ? నీళ్లలో దిగకుండా ఎవరికైనా ఈత వస్తుందా?"

"ఈత రావాలంటే దించాలి, నిజమే. మొసళ్ల మడుగులోనా దించేది?"

నేను కంగారు పడ్డాను. ఎవరింటి పిల్లాడికి ఏమైందో, ఏ పరీక్ష పోయిందో అనుకున్నాను. క్లాసులోకి వెళ్లి మెల్లగా అడిగితే పిల్లలందరూ ఒకటే నవ్వు. "టీచర్, అది బ్రైస్ యంగ్ గురించి! మన పాంథర్స్ క్వార్టర్‌బ్యాక్! ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టారు!"

ఆ రోజు నేను చెప్పాల్సిన పాఠం పక్కకు పోయింది. పిల్లలే బోర్డు మీద బొమ్మ గీసి నాకు ఆట నేర్పారు. వాళ్లు నేర్పింది, తర్వాత నేను చూసి, చదివి తెలుసుకున్నది కలిపి ఇప్పుడు మీకు చెప్తాను.

క్వార్టర్‌బ్యాక్ పని ఏమిటి?

మీలో లండన్‌లోనో దుబాయిలోనో ఉన్నవాళ్లకు ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట. నేను చెప్పేది అమెరికన్ ఫుట్‌బాల్. ఇందులో బంతి ఎక్కువసేపు చేతుల్లోనే ఉంటుంది.

ఒక్కో జట్టు నుంచి 11 మంది మైదానంలో ఉంటారు. బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు వెళ్లాలి. వెళ్తే మళ్లీ నాలుగు ప్రయత్నాలు వస్తాయి. వెళ్లలేకపోతే బంతి అవతలివాళ్లకు పోతుంది.

దాదాపు ప్రతి ప్రయత్నం క్వార్టర్‌బ్యాక్ చేతిలోనే మొదలవుతుంది. ఏ ఎత్తు వేయాలో ఆయన హెల్మెట్‌లో ఉన్న చిన్న స్పీకర్‌లో వినపడుతుంది. దాన్ని ఆయన మిగతా పదిమందికీ చెప్పాలి. అవతలి జట్టు ఎలా నిలబడిందో చూడాలి. అవసరమైతే ఎత్తు మార్చాలి. బంతి చేతికి వచ్చాక ఎవరికి విసరాలో తేల్చుకోవడానికి సుమారు మూడు సెకన్లు ఉంటాయి. ఆ మూడు సెకన్లలోనే కొండల్లాంటి మనుషులు ఆయన మీదకు పరుగెత్తుకొస్తుంటారు. వాళ్లను ఆపడానికి ఆయన ముందు ఐదుగురు గోడలా నిలబడతారు. ఆ గోడనే ఆఫెన్సివ్ లైన్ అంటారు.

ఇంకో రెండు మాటలు తెలిస్తే చాలు. బంతి విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ను పట్టుకుని పడేస్తే అది "సాక్". ఆయన విసిరిన బంతిని అవతలివాళ్లు పట్టుకుంటే అది "ఇంటర్‌సెప్షన్". ఇక "రూకీ" అంటే మొదటి ఏడాది ఆడుతున్న కొత్త ఆటగాడు.

డ్రాఫ్ట్‌లో ఉన్న మెలిక

ఈ లీగ్‌ పేరు ఎన్‌ఎఫ్‌ఎల్. ఇందులో 32 జట్లు ఉన్నాయి. కాలేజీల్లో బాగా ఆడినవాళ్లను ప్రతి వసంతంలో ఈ జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. దాన్నే డ్రాఫ్ట్ అంటారు. కిందటేడాది అందరికంటే ఎక్కువ ఓడిపోయిన జట్టుకు మొదటి వంతు వస్తుంది. బలహీనమైన జట్టు మళ్లీ లేవాలని పెట్టిన పద్ధతి ఇది. మంచి పద్ధతే.

కానీ ఇందులో ఒక మెలిక ఉంది, చూడండి. మొదటి వంతులో ఎంపికైన కుర్రాడు మామూలుగా అన్నిటికంటే బలహీనమైన జట్టుకు వెళ్తాడు. గోడ సరిగ్గా లేని ఇంటికి, కొన్నిసార్లు కోచ్ కూడా మారిపోయిన ఇంటికి వెళ్తాడు. అందరూ ఆయన వైపే చూస్తూ "నువ్వే మమ్మల్ని గెలిపించాలి" అంటారు. ఆయన వయసేమో 21, 22.

2023లో షార్లెట్ జట్టు కరోలినా పాంథర్స్‌కు వచ్చింది తొమ్మిదో వంతు. మొదటి వంతు కావాలని షికాగో బేర్స్ జట్టుతో బేరం పెట్టుకున్నారు. అందుకు రెండు మొదటి రౌండ్ వంతులు, రెండు రెండో రౌండ్ వంతులు, వాటితోపాటు డి.జె. మూర్ అనే తమ మంచి రిసీవర్‌ను ఇచ్చేశారు. రిసీవర్ అంటే విసిరిన బంతిని పరుగెత్తి పట్టుకునేవాడు. అంటే కొత్త క్వార్టర్‌బ్యాక్‌ను తెచ్చుకోవడానికి, ఆయన బంతి అందుకోవాల్సిన మనిషినే వదులుకున్నారన్నమాట.

అలా వచ్చినవాడే బ్రైస్ యంగ్. అలబామా యూనివర్సిటీలో ఆడి, 2021లో కాలేజీ ఆటగాళ్లకు ఇచ్చే అతి పెద్ద బహుమతి హైస్‌మన్ ట్రోఫీ గెలుచుకున్నాడు.

మొదటి ఏడాది 16 మ్యాచ్‌లు మొదలుపెట్టాడు. అందులో గెలిచినవి 2. ఆ ఏడాది ఆయన్ని 62 సార్లు సాక్ చేశారు. 11 మ్యాచ్‌లు అయ్యేసరికి హెడ్ కోచ్ ఫ్రాంక్ రైక్‌ను తీసేశారు. అన్నిటికంటే మంటగా అనిపించిన సంగతి ఇంకొకటి. పాంథర్స్ అంతలా ఓడిపోవడంతో 2024 డ్రాఫ్ట్‌లో మొదటి వంతు వాళ్లకే రావాలి. కానీ దాన్ని బేరంలో షికాగోకు ఇచ్చేశారు కదా! అభిమానుల కోపం ఎందుకు అంతలా ఉందో ఇప్పుడు అర్థమైందా?

రెండు సామెతలు

ఇలాంటి కొత్త కుర్రాడిని ఏం చేయాలి? వెంటనే ఆడించాలా? ఒకటి రెండేళ్లు పక్కన కూర్చోబెట్టి నేర్పాలా? అమెరికాలో అభిమానులు ఏళ్ల తరబడి వాదించుకుంటున్నది దీని గురించే. తమాషా ఏమిటంటే, తెలుగులో ఈ రెండు వైపులకూ చెరొక సామెత ఉంది.

ఒకటి: ఆలస్యం అమృతం విషం. ఆలస్యం చేస్తే అమృతం కూడా విషమైపోతుంది అని అర్థం. "వెంటనే ఆడించండి" అనేవాళ్ల సామెత ఇది. వాళ్లు చూపించే మొదటి ఉదాహరణ పేటన్ మానింగ్. 1998లో ఇండియానాపొలిస్ కోల్ట్స్ జట్టు ఆయన్ని మొదటి వంతులో తీసుకుని, మొదటి రోజు నుంచే ఆడించింది. ఆ ఏడాది 28 ఇంటర్‌సెప్షన్లు! జట్టు 3 గెలిచి 13 ఓడింది. మరి తర్వాతి ఏడాదో? 13 గెలిచి 3 ఓడింది! లెక్క తిరగబడిపోయింది. మానింగ్ ఆ తర్వాత రెండు సూపర్ బౌల్స్ గెలిచాడు. "ఆ 28 తప్పులూ చేశాడు కాబట్టే నేర్చుకున్నాడు" అంటారు వీళ్లు.

రెండోది: నిదానమే ప్రధానం. తొందరపడకుండా చేయడమే ముఖ్యం అని అర్థం. "ఆగండి" అనేవాళ్ల సామెత ఇది. వాళ్లు ఆరన్ రాడ్జర్స్ పేరు చెప్తారు. 2005లో గ్రీన్ బే ప్యాకర్స్ ఆయన్ని తీసుకుని మూడేళ్లు బ్రెట్ ఫావ్ అనే పెద్ద ఆటగాడి వెనక కూర్చోబెట్టింది. 2008లో ఆట అప్పగించింది. 2011 ఫిబ్రవరిలో రాడ్జర్స్ సూపర్ బౌల్ గెలిచాడు. ఇంకో పేరు ప్యాట్రిక్ మహోమ్స్. 2017లో కాన్సస్ సిటీ చీఫ్స్ ఆయన్ని తీసుకుని, ఆ సీజన్ మొత్తంలో ఒక్క మ్యాచ్, అదీ చివరి మ్యాచ్ ఆడించింది. మరుసటి ఏడాది ఆయన 50 టచ్‌డౌన్ పాస్‌లు విసిరి లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచాడు.

తొందరపడితే ఏమవుతుందో చెప్పడానికి వీళ్ల దగ్గర ఒక బాధాకరమైన ఉదాహరణ కూడా ఉంది. 2002లో హ్యూస్టన్ టెక్సన్స్ అనే జట్టు కొత్తగా పుట్టింది. డేవిడ్ కార్‌ను మొదటి వంతులో తీసుకుని మొదటి రోజే దింపింది. ఆ ఒక్క సీజన్‌లో ఆయన్ని 76 సార్లు సాక్ చేశారు. ఒక సీజన్‌లో ఒకే ఆటగాడు అన్నిసార్లు పడిపోవడం అంతకుముందు ఎప్పుడూ లేదు. తర్వాత చాలా ఏళ్లు ఆడినా, ఆయన మీద పెట్టుకున్న ఆశలు నెరవేరలేదు.

ఇంతవరకూ చదివి మీరు ఏ వైపు ఉన్నారు? ఒక్క నిమిషం ఆగి నోట్‌బుక్‌లో రాసుకోండి. తర్వాత ముందుకు చదవండి.

పక్కపక్కన పెట్టి చూస్తే

నేను మొదట "ఆగండి" వైపే ఉన్నాను. రాడ్జర్స్, మహోమ్స్ కథలు వింటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. అప్పుడు ఏడో తరగతి అమ్మాయి ఒకతె చెయ్యెత్తి అడిగింది: "టీచర్, వాళ్లు ఆగడం వల్ల బాగా ఆడారా, మంచి టీమ్‌లో ఉండటం వల్ల బాగా ఆడారా?"

ఎంత మంచి ప్రశ్న! చూడండి. కుర్రాడిని పక్కన కూర్చోబెట్టాలంటే, ఆడటానికి ఇంకొక మంచి క్వార్టర్‌బ్యాక్ ఉండాలి. గ్రీన్ బేకి ఫావ్ ఉన్నాడు. కాన్సస్ సిటీకి అలెక్స్ స్మిత్ ఉన్నాడు, ఆండీ రీడ్ లాంటి అనుభవం ఉన్న కోచ్ ఉన్నాడు. మహోమ్స్ రాకముందు ఏడాది ఆ జట్టు 12 మ్యాచ్‌లు గెలిచింది. అంటే ఆగగలిగే జట్టు చాలావరకు ముందే బాగున్న జట్టు. ఆగడం, మంచి జట్టు, ఈ రెండూ కలిసే వచ్చాయి. అలాంటప్పుడు గెలుపు దేనివల్ల వచ్చిందో విడదీసి చెప్పడం కష్టం.

ఇప్పుడు ఇంకో జత చూడండి. 2023 డ్రాఫ్ట్‌లో మొదటి వంతు బ్రైస్ యంగ్, రెండో వంతు సి.జె. స్ట్రౌడ్. ఇద్దరూ మొదటి మ్యాచ్ నుంచే ఆడారు. స్ట్రౌడ్ జట్టు 10 గెలిచి 7 ఓడింది, ప్లేఆఫ్స్‌లో ఒక మ్యాచ్ కూడా గెలిచింది. ఆఫెన్స్‌లో ఆ ఏడాది ఉత్తమ రూకీ బహుమతి స్ట్రౌడ్‌కే వచ్చింది. యంగ్ జట్టు 2 గెలిచి 15 ఓడింది. "వెంటనే ఆడించడం" ఇద్దరికీ ఒకటే. ఫలితం మాత్రం ఒకటి కాదు. ఇంకో వింత చెప్పనా? స్ట్రౌడ్‌ను తీసుకున్న జట్టు ఏదో తెలుసా? హ్యూస్టన్ టెక్సన్సే! 21 ఏళ్ల కిందట డేవిడ్ కార్ 76 సార్లు పడిపోయిన జట్టు. జట్టు పేరు అదే, చేసిన పని అదే. కానీ చుట్టూ ఉన్న మనుషులు వేరు.

అందరూ "ఎప్పుడు ఆడించాలి?" అని అడుగుతున్నారు. దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉందని నాకు అనిపించింది: "ఆడించే రోజున ఆయన చుట్టూ ఏముంది?" ముందు గోడ ఉందా? బంతి అందుకునేవాళ్లు ఉన్నారా? పక్కన నిలబడి చెప్పేవాళ్లు ఉన్నారా? ఆ చెప్పేవాళ్లు రేపు కూడా ఉంటారా?

నేను రూకీగా ఉన్నప్పుడు

నాకు ఈ సంగతి ఇంత గట్టిగా ఎందుకు తగిలిందో చెప్తాను. నేను బి.ఇడి. చదివేటప్పుడు టీచింగ్ ప్రాక్టీస్ అని ఉండేది. అంటే నిజమైన బడికి వెళ్లి, నిజమైన పిల్లలకు పాఠం చెప్పాలి. మొదటి రోజు నాకు ఎనిమిదో తరగతి ఇచ్చారు. రాత్రంతా కూర్చుని లెసన్ ప్లాన్ రాసుకున్నాను. క్లాసులోకి వెళ్లగానే ఒక్క ముక్క గుర్తు రాలేదు. బోర్డు వైపు తిరిగి రాస్తూ ఉండిపోయాను. వెనక పిల్లలు గుసగుసలు, నవ్వులు. చాక్‌పీస్ అక్కడ పెట్టి ఇంటికి పారిపోదామనిపించింది.

చివరి బెంచీలో మా గైడ్ టీచర్ కూర్చుని ఉన్నారు. ఆవిడ లేచి వచ్చి నా చేతిలో చాక్‌పీస్ లాక్కోలేదు. అలాగని నన్ను ఒంటరిగా వదిలేసి స్టాఫ్ రూమ్‌కీ వెళ్లలేదు. బెల్లు కొట్టాక దగ్గరకు పిలిచి, "రేపు నువ్వు పాఠం చెప్పొద్దమ్మా. నా క్లాసులో కూర్చో. నేను ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతానో, అదొక్కటే చూడు" అన్నారు. ఎల్లుండి మళ్లీ నన్నే క్లాసుకు పంపారు.

ఆవిడ నన్ను ఆడించారు, ఆపారు కూడా. రెండూ చేశారు. కానీ రెండు రోజులూ నా కోసం ఎవరో ఉన్నారని నాకు తెలుసు. అందుకే మూడో రోజు గొంతు వణకలేదు.

మళ్లీ షార్లెట్‌కు

2024లో పాంథర్స్‌కు డేవ్ కనాలెస్ అనే కొత్త కోచ్ వచ్చాడు. క్వార్టర్‌బ్యాక్ ముందుండే గోడ కోసం రాబర్ట్ హంట్, డేమియన్ లూయిస్ అనే ఇద్దరు బలమైన ఆటగాళ్లను తెచ్చుకున్నారు. అయినా మొదటి రెండు మ్యాచ్‌లలో చిత్తుగా ఓడిపోయారు: 47-10, తర్వాత 26-3. అప్పుడు యంగ్‌ను బెంచీ మీద కూర్చోబెట్టి ఆండీ డాల్టన్ అనే సీనియర్‌ను దింపారు. నేను పార్కింగ్‌లో విన్న వాదన ఆ వారానిదే.

ఆ రోజు సాయంత్రమే డాల్టన్ మ్యాచ్ గెలిపించాడు. "చూశారా, నేను చెప్పలేదూ!" అన్నారు సగం మంది. కానీ తర్వాత డాల్టన్ మొదలుపెట్టిన నాలుగు మ్యాచ్‌లూ ఓడిపోయారు. అక్టోబరులో ఒక కారు ప్రమాదంలో ఆయన బొటనవేలికి దెబ్బ తగిలింది. దాంతో యంగ్ మళ్లీ మైదానంలోకి వచ్చాడు. ఐదు మ్యాచ్‌లు డాల్టన్ ఆడుతుంటే పక్కనుంచి చూసిన తర్వాత అన్నమాట.

ఈసారి ఆట వేరుగా ఉంది. తిరిగి వచ్చాక మొదలుపెట్టిన 10 మ్యాచ్‌లలో 4 గెలిచాడు. జర్మనీలోని మ్యూనిక్‌లో జరిగిన మ్యాచ్ వాటిలో ఒకటి. ఛాంపియన్లైన చీఫ్స్‌తో మూడు పాయింట్ల తేడాతోనే ఓడారు. సీజన్ చివరి మ్యాచ్‌లో, 2025 జనవరిలో, అట్లాంటా మీద 44-38తో గెలిచారు. ఆ మ్యాచ్‌లో యంగ్ మూడు టచ్‌డౌన్లు విసిరి, రెండు తానే పరుగెత్తి చేశాడు. 5 గెలిచి 12 ఓడిన జట్టు అది. లెక్క చూస్తే పెద్ద గొప్పేం కాదు. కానీ "ఈ అబ్బాయి పనైపోయింది" అన్నవాళ్లు ఆ మాట వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

మరి ఆయన్ని బాగు చేసింది ఏమిటి? బెంచీ మీద కూర్చుని చూడటమా? కొత్త గోడా? కోచ్ ఓపికా? మొదటి ఏడాది తిన్న దెబ్బలా? పార్కింగ్‌లో ఆ ఇద్దరు నాన్నగార్లు ఇప్పటికీ తేల్చుకోలేదు. నాకైతే వీటిలో ఏ ఒక్కదానికో మొత్తం పేరు కట్టబెట్టడం కష్టమే అనిపిస్తుంది. ఒక్కటి మాత్రం ధైర్యంగా చెప్పగలను. ఒక మనిషి మొదటి ఏడాదిని చూసి ఆయన మీద తీర్పు చెప్తే, ఆయన్ని అక్కడ నిలబెట్టినవాళ్ల మీద కూడా తీర్పు చెప్పినట్టే.

ఈ దేశంలో నేనూ రూకీనే. హైవే మీద కారు నడపడం నిన్నగాక మొన్న నేర్చుకున్నాను. మీలో కొందరు తెలుగు మాట్లాడేటప్పుడు రూకీలు. తప్పు పలికితే ఎవరైనా నవ్వుతారేమోనని నోరు మూసుకుంటారు. నాకు తెలుసు. మన క్లాసులో మీరు 28 ఇంటర్‌సెప్షన్లు వేసినా ఫర్వాలేదు. చివరి బెంచీలో నేనుంటాను.

తెలుగులో వాదించడం

పెద్దవాళ్లతో వాదించేటప్పుడు ఈ మాటలు వాడండి:

"మీరన్నది నిజమేనండీ, కానీ ఒక్క విషయం..."
"అలా అని ఎలా చెప్పగలమండీ?"
"నాకైతే వేరేలా అనిపిస్తోందండీ. ఎందుకంటే..."

స్నేహితులతో అయితే "అండీ" అక్కర్లేదు:

"ఒప్పుకుంటా గానీ, ఇది కూడా చూడు..."
"అలా ఎందుకు అనుకుంటున్నావ్?"

"కానీ" అనే ముందు ఎదుటివాళ్ల మాటలో నిజమైనది ఒకటి చెప్పండి. పార్కింగ్‌లో ఆ ఇద్దరూ చేసింది అదే. "ఈత రావాలంటే దించాలి, నిజమే" అన్న తర్వాతే మొసళ్ల సంగతి ఎత్తారు. అందుకే అంత గట్టిగా వాదించుకున్నా, చివరికి నవ్వుతూ ఎవరి కారు వాళ్లు ఎక్కారు.

మీ వంతు

1. "ఆలస్యం అమృతం విషం", "నిదానమే ప్రధానం": ఈ రెండు సామెతలనూ మీ ఇంట్లో జరిగిన సంగతులకు వాడి చెరొక వాక్యం రాయండి.

2. ఇందాక మీరు నోట్‌బుక్‌లో ఏ వైపు రాశారు? ఇప్పుడు అవతలి వైపు తరఫున మూడు వాక్యాలు రాయండి. మీరు ఎగతాళి చేస్తున్నట్టు కాకుండా, అవతలివాళ్లు చదివి "అవును, మేము అనేది ఇదే" అనేలా ఉండాలి.

3. యంగ్, స్ట్రౌడ్ ఇద్దరినీ పోల్చండి. ఇద్దరికీ ఒకేలా ఉన్నది ఏమిటి? వేరుగా ఉన్నది ఏమిటి?

4. మీ అమ్మనో, నాన్ననో, తాతయ్యనో, అమ్మమ్మనో అడగండి: "నువ్వు కొత్తగా ఒక పనిలో చేరినప్పుడు నీ పక్కన ఎవరున్నారు?" వాళ్లు చెప్పింది తెలుగులో ఐదు వాక్యాలు రాసి తీసుకురండి. వచ్చే ఆదివారం క్లాసులో చదువుకుందాం.